లండన్ చలికి అమ్మ చీరలు: సర్దుడు డైరీ

సెప్టెంబర్, వినాయక చవితి అయ్యాక

టికెట్లు అయినయి, వీసాలు వచ్చినయి, అక్టోబర్ ఆఖర్లో అమ్మా నాన్నా నేనూ లండన్ వెళ్తున్నాం, తమ్ముడు అక్కడే హౌన్‌స్లో అనే చోట ఉంటాడు కాబట్టి ఉండటానికి ఇబ్బంది లేదు. ఇక మిగిలింది బట్టలు. నాన్న సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది, ప్యాంట్లున్నయి, బూట్లున్నయి, ఒక జాకెట్ కొంటే సరి. అమ్మ సంగతే అసలు పని, ఈ డైరీ కూడా అందుకే రాస్తున్నా, మా ఇంట్లో లాంటి అమ్మలు ఇంకా చాలా మంది ఉంటారు, ఎవరికైనా పనికొస్తుంది.

అమ్మకి అరవై దాటినయి. గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెళ్ళయ్యాక విజయవాడ వచ్చింది, లంగా ఓణీ తర్వాత చీర, అంతే, ఇంట్లో నైటీ కూడా రాత్రి పూటే. విషయం చెప్పిన ప్రతివాళ్ళూ ఒకటే మాట, ఆంటీకి రెండు ప్యాంట్లు, రెండు పొడుగు కుర్తీలు కొనెయ్యండి గొడవ వదిలిపోద్ది అని. అమ్మ వాళ్ళ ముందు తల ఊపింది. రాత్రి అన్నాలయ్యాక నాతో మెల్లగా అంది, "అమ్మాయ్, నేను చీర కట్టుకునే వస్తానే, చలేస్తే శాలువా కప్పుకుంటాలే" అని.

నేను గట్టిగా నమ్మేది ఏంటంటే, ఊరు కాని ఊళ్ళో ఒంటి మీద బట్ట కూడా కొత్తదైతే మనిషి రోజంతా దాన్నే సర్దుకుంటూ ఉంటది, ఇంక ఊరేం చూస్తుంది. కాబట్టి చీర ఉంటుంది. చీర కింద ఏముండాలి, పైన ఏముండాలి, కాళ్ళకేంటి, ఈ మూడూ మనం తేల్చాలి.

అదే వారం, లెక్కలు

తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగా, అక్కా చలి చలి అని భయపడకు, ఇది మంచు పడే చలి కాదు అన్నాడు. అక్టోబర్‌లో లండన్‌లో పగలు 15, 16 డిగ్రీలు, రాత్రికి 9 దాకా దిగుద్ది, నవంబర్ వచ్చేసరికి పగలే 11, 12 అయిపోద్ది. మనకి అదే అక్టోబర్‌లో పగలు 32 డిగ్రీలు, మధ్యలో ఈశాన్య రుతుపవనాల వాన, చెమట. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంటే లండన్ యాభై ఒకటిన్నర మీద ఉంది, అందుకే ఎండ ఉన్నా ఏటవాలుగా పడి వేడి ఎక్కదు. పైగా అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగున్నర దాటిందంటే పొద్దు గూకినట్టే. మనం వెళ్ళేది సరిగ్గా ఆ సమయానికి. అంటే మధ్యాహ్నం మూడింటికి సరిపోయిన బట్ట అయిదింటికి సరిపోదు.

ఇంకో సంగతి కూడా వాడే చెప్పాడు, నాకు ఇదే ముఖ్యం అనిపించింది. బయట పది డిగ్రీలు, ఇంట్లో హీటర్ పెడితే ఇరవై, బస్సెక్కితే వెచ్చగా, అండర్‌గ్రౌండ్ రైల్లో కొన్ని లైన్లలో చెమటే పట్టుద్ది. రోజులో ఎన్నోసార్లు వేసుకోవాలి, తియ్యాలి. ఒక్క మందపాటి బట్ట వేసేసి కూర్చుంటే కుదరదు. పల్చటివి పొరలు పొరలుగా ఉండాలి, పొరకీ పొరకీ మధ్య నిలబడే గాలే వెచ్చదనం, ఆ గాలిని కదిలించేది ఈదురుగాలి, దాన్ని పాడు చేసేది తడి. ఈ రెండూ ఆపితే 10 డిగ్రీలు పెద్ద విషయం కాదు.

చీరకి ఇక్కడ ఒక మంచి, ఒక చెడు ఉన్నయి. మంచి ఏంటంటే నడుం కింద కుచ్చిళ్ళూ చుట్టూ కలిపి అదే రెండు మూడు పొరలు, అయిదున్నర మీటర్ల బట్ట. చెడు ఏంటంటే నడుం దగ్గర ఖాళీ, వీపు కింది భాగం ఖాళీ, అంచు నేల మీద, పాదాలు చెప్పుల్లో. స్వెట్టర్ తల మీద నుంచి వేసుకునేది అయితే పైట పిన్ను మొత్తం విప్పుకోవాలి, కాబట్టి ముందు గుండీలున్నదే కావాలి. ఇది మొదట్లోనే రాసిపెట్టుకున్నా.

సెప్టెంబర్ ఆఖరు, ఏసీ గది

మా బెడ్‌రూమ్ ఏసీ 18లో పెట్టి, ఫ్యాన్ ఫుల్లు పెట్టి, అమ్మని మామూలుగా చీర కట్టుకుని కూర్చోమన్నాను. చేతిలో టీవీ రిమోట్ ఇచ్చా, లేకపోతే కూర్చోదు. ఎక్కడ చలేస్తే అక్కడ చెప్పు అన్నా. ముందు పాదాలు అంది, తర్వాత నడుం వెనక, ఆ తర్వాత మోచేతుల కింద. ఛాతీ, తొడలు అసలు చెప్పనే లేదు. అంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిపోయింది.

రెండో పని తడి. లండన్‌లో వాన మనలాగా కుండపోతగా పడదంట, సన్నగా పడి పోతా ఉంటది, కానీ ఫుట్‌పాత్‌లు రోజంతా తడిగా ఉంటయి, పైన రాలిన ఆకులు. చీర అంచు నానుద్ది. అందుకని బకెట్‌లో నీళ్ళు పెట్టి, మూడు పాత చీరలు తీసుకుని, కింద జానెడు ముంచి, పిండి, అదే ఏసీ గదిలో దండెం మీద వేశా. క్రేప్ చీర మేం భోంచేసి లేచేసరికి దాదాపు ఆరిపోయింది. జార్జెట్ దాని వెనకే. మంగళగిరి కాటన్ చీర సాయంత్రం టీ తాగేటప్పుడు కూడా పట్టుకుంటే చల్లగానే ఉంది, పైగా నీళ్ళు పైకి పాకినయి, ముంచింది జానెడైతే తడిసింది మోకాళ్ళ దాకా. మంగళగిరి అంటే మా ఇంట్లో ప్రాణం, నిజాం అంచు చీరలు అమ్మకి ఎన్నున్నయో, కానీ మన ఎండకి నేసిన బట్ట అది, చెమట పీల్చుకోవటమే దాని గుణం. అక్కడ ఆ గుణమే ఇబ్బంది. కాబట్టి ఇంట్లో కట్టుకోవటానికి ఒకటి, బయటికి వద్దు.

ఒకటి మాత్రం చేతికి తగిలాకే తెలిసింది. క్రేప్ చీర ఆరిపోయినా అంచు లోపల కుట్టిన ఫాల్ తడిగానే ఉంది. మనకి మామూలుగా వేసేది కాటన్ కలిసిన ఫాల్ కదా, అది నీళ్ళు వదలదు. వన్‌టౌన్ మ్యాచింగ్ సెంటర్‌లో పూర్తి పాలిస్టర్ ఫాల్ అడిగితే ఇచ్చాడు, బయటికి కట్టే చీరలన్నిటికీ పాతది విప్పేసి అది వేయించాను. చిన్న పని, చాలా తేడా.

దసరా ముందు, లోపలి లంగా

అమ్మ స్నేహితురాలు ఒకావిడ కెనడా వెళ్ళొచ్చింది, ఫ్లీస్ దుప్పటి కోసి లంగా కుట్టించుకో అని సలహా. వెచ్చగా ఉండే మాట నిజమే. మేమూ కుట్టి చూశాం, ఇంట్లో మిషన్ ఉంది కాబట్టి. సమస్య నడిచేటప్పుడు. ఫ్లీస్ నూగు చీరని పట్టుకుంటది, నాలుగు అడుగులు వేసేసరికి కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య చుట్టుకుపోయినయి. దాని పైన సాటిన్ గుడ్డ వేసి రెండు పొరలు చేస్తే జారుతోంది గానీ బరువు, నడుం దగ్గర లావు, ఉతికితే ఆరటానికి రెండు రోజులు. అక్కడ దండెం మీద ఎండకి వేసేది లేదు, ఇంట్లో స్టాండు మీదే ఆరెయ్యాలి అని మరదలు ముందే చెప్పింది.

చివరికి ఖాయం చేసింది ఇది: లోపల పల్చటి థర్మల్ (ఒంటిని అంటిపెట్టుకుని చలి ఆపే లోపలి బట్ట) లెగ్గింగ్, దాని మీద మామూలు సాటిన్ లంగా, దాని మీద చీర. సాటిన్ మీద చీర జారుద్ది, నడక హాయిగా ఉంటది. లంగాకి ఒక పక్క మోకాలి దాకా చీలిక పెట్టించా, మెట్లెక్కడానికి, కింద లెగ్గింగ్ ఉంది కాబట్టి చలి భయం లేదు. ఈ లెగ్గింగ్ ఒప్పించటానికి నేను పెద్దగా కష్టపడలేదు, బయటికి కనపడదు కదా అంటే అమ్మ సరే అంది. బాత్రూమ్‌కి వెళ్ళటం ఇబ్బంది లేకుండా నడుం ఎలాస్టిక్ మెత్తటిది చూసి తీసుకున్నా, అమ్మ వయసు వాళ్ళకి ఈ సంగతి మర్చిపోకూడదు.

లంగా బొందు నడుముకి గట్టిగా కట్టేది, కింద లెగ్గింగ్ ఎలాస్టిక్ కూడా అక్కడే పడితే ఒరుసుకుంటది. లెగ్గింగ్ కొంచెం పైకి, బొందు కొంచెం కిందికి.

దసరా రద్దీలో టైలర్ దగ్గర

విజయవాడలో దసరా ముందు ఏ టైలర్ దగ్గరికన్నా వెళ్ళి జాకెట్ కుట్టమంటే ఏం జరుగుద్దో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. బీసెంట్ రోడ్డు వైపు మేం ఎప్పుడూ ఇచ్చే మాస్టారు చెయ్యి ఊపేశారు, ఇంద్రకీలాద్రి అమ్మవారి తెప్పోత్సవం అయ్యాక రండమ్మా అన్నారు. లండన్ అని చెప్పి, బతిమాలి, మొత్తానికి తీసుకున్నారు.

ఇక్కడే పెద్ద ముడి. మన అలవాటు ఏంటి, ఆది జాకెట్ ఒకటి ఇచ్చేస్తాం, అదే కొలత. ఆ ఆదికి కుట్టిన జాకెట్ కింద థర్మల్ వేసుకుంటే చంక దగ్గర పట్టేస్తది, చెయ్యి పైకి లేవదు, హుక్కులు పడవు. అందుకే అమ్మకి థర్మల్ వేయించి, షాపులో ఆ ఉక్కలో నిలబెట్టి, దాని మీద కొలతలు తీయించాం. మాస్టారు టేపు పట్టుకుని చంక దగ్గర అర అంగుళం, ఛాతీకి అంగుళం, చేతి లూజు ముప్పావు అని రాసుకున్నారు, పొడుగు మామూలు కంటే రెండంగుళాలు ఎక్కువ. మెడ వెనక దించలేదు. చేతులు ముంజేతి దాకా, కానీ చివర బిగుతు లేకుండా, ఎందుకంటే గాజులున్నయి. బిగుతు చెయ్యి గాజుల మీద నుంచి ఎక్కదు, ఎక్కినా మట్టి గాజులు పగులుతయి. అమ్మ గాజులు తియ్యదు. బంగారు గాజులు ఇక్కడే పెట్టి, నాలుగు మట్టి గాజులు ఉంచుకుంది.

కొత్తవి రెండు చాలు. పాత జాకెట్లలో లోపల మార్జిన్ ఉన్నవి మూడు ఏరి, పక్క కుట్లు ఒక వరుస విప్పుకున్నాం, లూజు వచ్చేసింది. విప్పితే పాత కుట్టు గీత తెల్లగా కనపడే రంగులు పక్కన పెట్టాం. థర్మల్ మెడ లోతుగా ఉన్నది ఎంచుకుంటే జాకెట్ బయటికి రాదు. థర్మల్ పైభాగం పొడుగ్గా ఉండి లెగ్గింగ్ లోపలికి దోపుకుంటే, ఏసీ గదిలో అమ్మ చెప్పిన నడుం వెనక చలి అక్కడితో సగం ఆగిపోద్ది.

మిగతా సగం అమ్మే తేల్చింది, నేను కాదు. వంటింట్లో పని చేసేటప్పుడు కొంగు వెనక నుంచి నడుం చుట్టూ తిప్పి ముందు దోపుకుంటుంది కదా, అలా దోపి, దాని మీద ముందు గుండీల స్వెట్టర్ వేసి చూపించింది. కొంగు ఎగరదు, స్వెట్టర్ కింద నలగదు, నడుముకి ఇంకో పొర. నేను యూట్యూబ్‌లో పైట స్వెట్టర్ పైనా లోపలా అని ఎన్ని చూశానో, ఇంత శుభ్రంగా ఒక్కటీ లేదు.

పాదాలు

అమ్మ జీవితంలో బూట్లు వేసుకోలేదు. కొన్నవి నడక షూసే, ముందు భాగం వెడల్పుగా ఉన్నవి, లేసులు కాకుండా పట్టీ అతికించేవి, అడుగు జారనివి. సాయంత్రం పూట సాక్సులేసుకుని కొంటే సైజు సరిగ్గా తెలుస్తది, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటయి. ఇదంతా అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది మెట్టెల సంగతి.

అమ్మ మెట్టెలు మూడు చుట్లవి, పైన పువ్వు పని. చెప్పుల్లో ఏం కాదు. సాక్సు, దాని మీద బూటు వేసి ఐజీఎంసీ స్టేడియంలో వాకింగ్‌కి తీసుకెళ్తే రెండో రౌండుకే ఆగిపోయింది. ఇంటికొచ్చి చూస్తే రెండో వేలు పక్కన ఎర్రగా కమిలింది, పువ్వు అంచు పక్క వేలికి గుచ్చుకుంటోంది. తియ్యమంటే తియ్యదు, నేను కూడా అడగలేదు. గవర్నర్‌పేటలో వెండి కొట్టుకి వెళ్ళి సన్నటి సాదా మెట్టెలు, అంచులు నున్నగా ఉన్నవి తీసుకున్నాం, ఒకే చుట్టు. పాతవి బీరువాలో పెట్టి ఇవి తొడుక్కుంది. వేలికీ మెట్టెకీ మధ్య మెత్తటి ప్లాస్టర్ ఒక చుట్టు, దాని మీద సాక్సు. సాక్సు కూడా ఒక సైజు పెద్దది, బిగుతుగా ఉంటే మెట్టె మీదే ఒత్తుకుంటది. ఉన్ని కలిసిన పల్చటివి రెండు జతలు, కాటన్‌వి ఇంట్లోకి. ఇప్పుడు స్టేడియంలో నాన్నతో సమానంగా తిరుగుతోంది, రోజూ వెళ్తోంది, బూటు కాలికి అలవాటయింది.

చీర పొడవు కూడా బూట్లు వేసుకునే కట్టుకోవాలి. చెప్పులకి కట్టే అలవాటుతో కడితే బూటు మడమ అంచుని తొక్కుద్ది. చీలమండ ఎముక పైకి ఉండేలా, కుచ్చిళ్ళు ఒకటి తక్కువ. చూసేవాళ్ళకి సాక్సు కనపడుద్ది, కనపడనీ.

గుంటూరు, కోల్డ్ స్టోరేజీ

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి. ఏసీ 16 కంటే కిందికి దిగదు, లండన్ సాయంత్రం 8, 9 ఎలా ఉంటదో విజయవాడలో ఎక్కడ తెలుస్తది అని నేను అంటుంటే మా చిన్న మావయ్య, "మిర్చి స్టోరేజీకి తీసుకురావే" అన్నాడు. ఆసియాలోనే పెద్దదని అందరూ చెప్పుకునే మిర్చి యార్డు ఊళ్ళో పెట్టుకుని మనకి ఆలోచన రాలేదు. యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు బోలెడు, వేసవిలో దించిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ధర కోసం ఏడాది పొడుగునా ఉంటయి. మావయ్యకి తెలిసిన గుమాస్తా ఒకాయన ముందు రోజే ఒప్పుకున్నారు.

బయట కారు దిగేసరికి ఎండ మాడిపోతోంది. అమ్మ లోపలి గదిలో మొత్తం వేసుకుంది, థర్మల్, లెగ్గింగ్, సాటిన్ లంగా, క్రేప్ చీర, కొంగు దోపి స్వెట్టర్, బూట్లు, పైన కోటు చేతిలో. నుదుట చెమట తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడితే ఒక హమాలీ ఆగి "ఏంటమ్మా, షూటింగా?" అని అడిగాడు. వాళ్ళు కూడా లోపలికెళ్ళేటప్పుడు చెవులకి తువ్వాలు చుట్టుకునే వెళ్తారు, అది చూసి అమ్మ తన కొంగు చివర తలకి కప్పుకుంది.

మందపాటి తలుపు తీశారు. గోడ మీద మీటర్ 6 చూపిస్తోంది. మసక లైటు, పైకప్పు దాకా చెక్క ర్యాకులు, గోనె సంచుల వరసలు, ఎక్కడో సన్నగా అమోనియా వాసన, దాని మీద మిర్చి ఘాటు. మాస్కులున్నా ముగ్గురం తుమ్మాం. వరసల మధ్య సందులో అటూ ఇటూ నడిచాం, కోటు లేకుండా ముందు. ఐదారు నిమిషాలకి అమ్మ, "నడుం బాగుంది, కాళ్ళు బాగున్నయి, చేతివేళ్ళు చూడు" అని నా చేతిలో పెట్టింది, మంచుగడ్డలు. మట్టి గాజులు కూడా చల్లబడి ముంజేతికి తగులుతున్నయి, వాటి కింద థర్మల్ చెయ్యి ఇంకో రెండంగుళాలు కిందికి లాగితే ఆగిపోయింది. తర్వాత చెవులు. కోటు వేసి, ముందు జిప్పు పెట్టాక పావుగంట పైన ఉన్నాం, ఒంట్లో వణుకు లేదు. మావయ్యే బనియన్ చొక్కా మీద వచ్చి బయటికి పరిగెత్తాడు.

అక్కడ గాలి కదలదు కాబట్టి నిజమైన ఈదురుగాలి సంగతి తెలియదు, కానీ 6 డిగ్రీలకి కోటు లోపల సరిపోయిందంటే లండన్ 9, 10 డిగ్రీలకి గాలితో కలిపి సరిపోద్ది అని ధైర్యం వచ్చింది. జాబితాలో చేరినవి: ఉన్ని గ్లవ్స్, చెవులు మూసే టోపీ. టోపీ అంటే అమ్మకి మంకీ క్యాపే, కార్తీక మాసం తెల్లవారుజాము స్నానాలకి వెళ్ళేటప్పుడు పెట్టుకునేది, అదే తెస్తానంది. తీసుకురానీ, దాని కంటే బాగా చెవులు మూసేది ఏముంది.

స్వెట్టర్‌కి మిర్చి ఘాటు పట్టేసింది. రెండు పూటలు డాబా మీద గాలికి వేస్తే గానీ పోలేదు, ఎవరన్నా ఇలా చేస్తే పాత స్వెట్టర్‌తో వెళ్ళండి.

కోటు, ఎస్కలేటర్

మన ఊళ్ళో అక్టోబర్‌లో ఉన్ని బట్టలు దొరకటం కష్టం, రోడ్డు పక్క స్వెట్టర్ల వాళ్ళు చలికాలం దగ్గర పడితేనే దిగుతారు, ఇంటింటికీ వచ్చే కాశ్మీరీ శాలువాల అతను కూడా అంతే. కోటు ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఐదు సంగతులు చూసుకుని తీసుకున్నా. మోకాలి దగ్గరికి పొడుగు, అంతకంటే పొడుగైతే చీర అంచుతో కలిసి కాళ్ళకి అడ్డం. ఒక సైజు పెద్దది, కుచ్చిళ్ళ లావు పట్టాలి. జిప్పు కింద నుంచి కూడా పైకి తెరిచేది, కూర్చునేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు కింద భాగం విప్పుకోవచ్చు. నాలుగోది టోపీ భాగం, మొదట వచ్చిన కోటుకి అమ్మ జుట్టు ముడి పట్టలేదు, వెనక ముడి దగ్గరే ఆగిపోయి నుదురు దాకా రావట్లేదు, వెనక్కి పంపి టోపీ లోతుగా ఉన్నది తెప్పించాం. ఐదోది వాన నీళ్ళు నిలవని బట్ట. గాలికి గొడుగు తిరగబడుద్ది, టోపీయే దిక్కు.

నేను ఎక్కువ భయపడింది ఎస్కలేటర్ గురించి. లండన్ అండర్‌గ్రౌండ్‌లో అవి నిలువునా దిగుతయి, ఏంజెల్ అనే స్టేషన్‌లో ఒకటి 60 మీటర్ల పొడుగంట, అక్కడ అదే పెద్దది. చీర అంచు పళ్ళలో పడితే అంతే సంగతులు. కుడి పక్క నిలబడాలి అక్కడ, ఎడమ పక్క నడిచేవాళ్ళకి వదిలెయ్యాలి. అంటే కుడి చెయ్యి రెయిలింగ్ మీద, ఎడం చేత్తో కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకోవటం, హ్యాండ్‌బ్యాగ్ భుజానికి అడ్డంగా వేసుకునేది, చేతిలో ఏమీ వద్దు. మన రైల్వే స్టేషన్ ఎస్కలేటర్ మీద ప్లాట్‌ఫామ్ టికెట్ కొని మరీ ప్రాక్టీస్ చేయించాం, రద్దీ లేని మధ్యాహ్నం పూట. మొదట నా చెయ్యి వదల్లేదు, తర్వాత తనే ముందు వెళ్ళింది. భయం ఉన్న చోట లిఫ్ట్ వాడదాం అని కూడా అనుకున్నాం, అన్ని స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు కాబట్టి తమ్ముడు ముందే మ్యాప్ చూసి పెడతాడు.

ఏ రోజు ఎక్కడికో కూడా రాసుకున్నా, దాన్ని బట్టే బట్ట. కొత్త గడియారం రోజులు కాబట్టి తోటలు, పార్కులు పొద్దున పూట, మ్యూజియాలు మధ్యాహ్నం. అమ్మ అడిగింది ఒక్కటే, బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి రాళ్ళు. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు అమరావతి తీసుకెళ్తే దిబ్బ చూపించి శిల్పాలు లండన్‌లో ఉన్నయి అన్నారంట. 1797-98 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకెంజీ అక్కడి బౌద్ధ స్తూపం సంగతి చూశాడు, 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, తీసిన రాళ్ళు మద్రాసు వెళ్ళి అక్కణ్ణుంచి ఓడెక్కినయి, 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరినయి. 33ఏ నంబర్ గది. టికెట్ లేదు. ఆ రోజుకి అమ్మ మెరూన్ బిన్నీ సిల్క్ తీసి పక్కన పెట్టుకుంది, పల్చగా ఉంటది, పట్టుకి సహజంగానే వెచ్చదనం ఉంటది, పైగా బరువు లేదు.

తూకం

వంటింటి తక్కెడలో ఒక్కొక్కటీ తూచాం. కంచి పట్టు ఒక్కటే 700 గ్రాముల పైన, జార్జెట్, క్రేప్‌లు 400కి అటూ ఇటూ. తమ్ముడి ఇంట్లో పండగ పూజకి పట్టు ఒకటి ఉండాలి అంది, ఉంచాం. చివరి లెక్క: బయటికి క్రేప్ రెండు, జార్జెట్ ఒకటి, బిన్నీ సిల్క్ ఒకటి, కంచి పట్టు ఒకటి, ఇంట్లోకి మంగళగిరి ఒకటి. జాకెట్లు కొత్తవి రెండు, లూజు చేసినవి మూడు. సాటిన్ లంగాలు మూడు. థర్మల్ రెండు జతలు, ఒకటి ఒంటి మీద ఉంటే ఒకటి ఆరుతుంది. స్వెట్టర్లు రెండు, ఒకటి పల్చన, ఒకటి మందం, రెండూ ముందు గుండీలే. శాలువా ఒకటి, ట్రంకు పెట్టెలో నాఫ్తలీన్ వాసన పోయేదాకా ఎండలో వేసింది. కోటు, గ్లవ్స్, మంకీ క్యాప్, సాక్సులు, ఎక్స్‌ట్రా పిన్నీసులు ఒక డబ్బా.

రంగులు కావాలనే ముదురువి ఏరాం, మెరూన్, నెమలి కంఠం, బూడిద రంగు. స్వెట్టర్ ఒకటి నల్లది, ఒకటి ముదురు ఎరుపు, ఏ చీర మీదకైనా పోతయి. తడి మట్టి చుక్కలు కూడా కనపడవు.

పచ్చళ్ళు, కారప్పొడులు వేరే పెట్టె, దాని జోలికి నేను పోలేదు.

చేతి సామానులో: ఒక పూర్తి జత థర్మల్, మందం స్వెట్టర్, సాక్సులు, టోపీ, ఒక క్రేప్ చీర, జాకెట్, మందులు. పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యం అయినా అమ్మకి కట్టుకోవటానికి ఉండాలి. కోటు చేతి మీద. గన్నవరం ఎయిర్‌పోర్టులో 32 డిగ్రీల్లో కోటు వేసుకుని నిలబడక్కర్లేదు, బూట్లు మాత్రం వేసుకునే బయల్దేరాలి, పెట్టెలో అదే ఎక్కువ బరువు. విమానంలో ఏసీకి శాలువా చాలు, దిగేముందు బాత్రూమ్‌లో థర్మల్ వేసుకోవటం అనేది అమ్మ వయసుకి ఇరుకులో కష్టం, అందుకే పల్చటి లెగ్గింగ్ ఇంటి దగ్గర్నుంచే.

హౌన్‌స్లో నుంచి

ఇక్కడికొచ్చాక తేలినవి, గబగబా. పొద్దున బస్ స్టాప్‌లో 8 డిగ్రీలు, గాలి, సన్న వాన. అమ్మ కోటు టోపీ లాక్కుని, గ్లవ్స్ చేతులు కోటు జేబులో పెట్టుకుని నిలబడింది, చలి అనలేదు. బస్సులో కోటు జిప్పు, అండర్‌గ్రౌండ్‌లో స్వెట్టర్ గుండీలు కూడా విప్పేసింది, నడుం చుట్టూ దోపిన కొంగు అలాగే ఉంది. క్రేప్ అంచు రెండంగుళాలు తడిసింది, ఇంటికొచ్చాక ఫాల్‌తో సహా గంటలోపే ఆరింది.

అనుకోనిది ఒకటే, హీటర్ గాలికి గది పొడిబారి క్రేప్ చీర, సాటిన్ లంగా కలిసి లెగ్గింగ్‌కి అంటుకుంటున్నయి, చిటచిట మని చిన్న షాకులు కూడా. మరదలు కాటన్ లంగా ఇచ్చింది, సాటిన్ బదులు అది వేసుకుంటే ఆగింది, కాళ్ళకి కొబ్బరినూనె రాసుకున్నా తగ్గుతోంది. కాబట్టి లంగాల్లో ఒకటి కాటన్‌ది పెట్టుకోండి, ఆరటానికి టైం పట్టినా సరే.

మ్యూజియంలో మధ్యాహ్నం మొత్తం ఉన్నాం. ఆ గది వెచ్చగా ఉంది, స్వెట్టర్ నా చేతికిచ్చి బిన్నీ సిల్క్‌లో అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ పాలరంగు పల్నాటి రాయి, వాటి మీద ఆడవాళ్ళు, కాళ్ళకి లావు కడియాలు, నడుముకి సన్నటి వస్త్రం. "మన ఎండకి చెక్కినోళ్ళు వీళ్ళని, ఇక్కడ చలేస్తదేమో" అంది. వాచ్‌మన్ గది మూసే టైం చెప్పేదాకా కదల్లేదు.

రేపు పొద్దున రిచ్‌మండ్ పార్క్, జింకలు చూడ్డానికి. గడ్డి తడిగా ఉంటదంట, కాబట్టి బూడిద రంగు క్రేప్, కుచ్చిళ్ళు ఇంకో అంగుళం పైకి, ఉన్ని సాక్సులు, బ్యాగ్‌లో రెండో జత. మరదలు తనకి కూడా ఆ పాలిస్టర్ ఫాల్ అరడజను పంపమంది, వన్‌టౌన్ కొట్టు నంబర్ తీసి పెట్టాలి.